ఏసీ ఆడుతూనే ఉంది, గది చల్లబడటం లేదు: గ్యాస్ కొట్టించే ముందు చూడాల్సినవి

ఎండలు ముదరగానే ప్రతి కాలనీలో వినిపించే మాట ఒకటుంది: "గ్యాస్ తగ్గింది సార్, కొట్టాలి." కొన్నిసార్లు అది నిజమే. చాలాసార్లు మాత్రం జల్లెడ (ఫిల్టర్) మూసుకుపోయో, గదిలోకి గాలిని తోసే బ్లోయర్‌కు మట్టి పట్టో, ఔట్‌డోర్ వెనక పావురం గూడు పెట్టో ఏసీ అవస్థ పడుతుంటుంది.

ఏసీలో గ్యాస్ స్కూటర్లో పెట్రోలు లాంటిది కాదు, వాడేకొద్దీ తరగదు. మూసేసిన రాగి గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. లీకు లేకపోతే పదేళ్ల తరవాత కూడా అంతే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కన్నం ఉందన్నమాట. కన్నం వెతకకుండా గ్యాస్ ఎక్కిస్తే చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. అందుకే ఇక్కడ వరస ఇలా పెట్టుకుందాం: ముందు గాలి, తరవాత గది, ఆ తరవాత కరెంటు, అన్నిటికన్నా చివర గ్యాస్. మన ఇళ్లలో ఎక్కువగా ఉండే ఒకటిన్నర టన్ను గోడ స్ప్లిట్ ఏసీని లెక్కలోకి తీసుకుంటున్నాం. ఒక టన్నుకైనా రెండు టన్నులకైనా పద్ధతి ఇదే.

రిమోట్ దగ్గరే తేలిపోయేవి

నవ్వొస్తుంది గానీ, ముందు రిమోట్ చూడండి. మంచు పువ్వు గుర్తు ఉంటేనే కూల్ మోడ్. నీటి చుక్క గుర్తు ఉంటే డ్రై మోడ్. అందులో బ్లోయర్ నెమ్మదిగా తిరుగుతుంది, గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసర్ ఆగి ఆగి నడుస్తుంది. వానాకాలం ఉక్కపోతకు అది బాగుంటుంది గానీ మే నెల మధ్యాహ్నానికి పనికిరాదు.

ఈ మధ్య వచ్చే, కంప్రెసర్ వేగాన్ని అవసరాన్ని బట్టి మార్చుకునే ఇన్వర్టర్ ఏసీల్లో ఇంకో చిక్కుంది. కన్వర్టిబుల్ అని 40, 60, 80 శాతాల మోడ్‌లు ఇస్తున్నారు. పిల్లలు రిమోట్‌తో ఆడుతూ 40 శాతం దగ్గర వదిలేస్తే ఒకటిన్నర టన్ను ఏసీ కాస్తా 0.6 టన్నుగా మారిపోతుంది. అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, చల్లదనం మాత్రం ఉండదు. ఎకో మోడ్‌తోనూ ఇదే తంటా. స్లీప్ మోడ్‌లో గంటకో డిగ్రీ చొప్పున సెట్టింగ్ తనంతట తానే పెరుగుతుంది. తెల్లవారుజామున చెమట పట్టి మెలకువ వస్తోందంటే ముందు దాన్నే అనుమానించండి.

కొన్ని రిమోట్‌లలో ఐ-ఫీల్, ఫాలో మీ లాంటి పేర్లతో ఒక బటన్ ఉంటుంది. అది నొక్కితే గది వేడిని రిమోటే కొలిచి ఏసీకి చెబుతుంది. ఆ రిమోట్ సరిగ్గా ఏసీ గాలి తగిలేచోట పడి ఉంటే గది చల్లబడిందనుకుని కంప్రెసర్ తగ్గిపోతుంది.

పరీక్ష కోసం ఇవన్నీ తీసేసి కూల్ మోడ్, 18 డిగ్రీలు, ఫ్యాన్ హై పెట్టండి. 18 పెట్టమనేది కొలత కోసమే. కంప్రెసర్ ఒకే వేగంతో నడిచే మామూలు ఏసీకి 16 పెట్టినా 24 పెట్టినా వచ్చే గాలి చల్లదనం ఒకటే, ఎంతసేపటికి ఆగుతుందనేదే తేడా. ఇన్వర్టర్ ఏసీ మాత్రం సెట్టింగ్ దూరంగా ఉంటేనే పూర్తి వేగంతో నడుస్తుంది. దాన్ని 26 దగ్గర పెట్టి కొలిస్తే ఆ అంకెకు అర్థం ఉండదు.

మూడు కొలతలు: థర్మామీటరు, బకెట్, కరెంటు మీటరు

చేయి పెట్టి "చల్లగానే ఉందే" అనుకోవడం కొలత కాదు. ఎండలోంచి వచ్చిన చేతికి 22 డిగ్రీల గాలి కూడా ఐసులా అనిపిస్తుంది. సన్నటి పుల్ల ఉన్న డిజిటల్ థర్మామీటరు ఒకటి కొనండి. తక్కువ ధరకే దొరుకుతుంది.

1. కిటికీలు, తలుపులు మూసి ఏసీని 20 నిమిషాలు నడపండి.
2. ఇండోర్ యూనిట్ పైన, గాలి లోపలికి పీల్చుకునే జాలీ దగ్గర థర్మామీటరు పెట్టి రెండు నిమిషాలు ఆగి అంకె రాసుకోండి.
3. కింద గాలి బయటికి వచ్చే సందులో రెక్కలకు లోపలగా, ఐదు సెంటీమీటర్ల లోతున పెట్టి మళ్లీ రాసుకోండి. పుల్ల తిరిగే బ్లోయర్‌కు తగలకుండా చూసుకోవాలి. ఎడమ, మధ్య, కుడి మూడుచోట్లా చూసి సగటు తీయండి.

పైన 31, కింద 19 ఉందనుకోండి. తేడా 12 డిగ్రీలు, యంత్రం బాగుంది. హైదరాబాద్, కర్నూలు లాంటి పొడి ఎండల ఊళ్లలో 10 నుంచి 14 డిగ్రీల తేడా రావాలి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరప్రాంతాల్లో 8 నుంచి 10 వచ్చినా బాగున్నట్టే. అక్కడ ఏసీ బలంలో కొంత గాలిలో తడిని నీళ్లుగా మార్చడానికి పోతుంది. తేడా 6 డిగ్రీలకు తగ్గితే ఏసీలోనే లోపం ఉంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది దీని దగ్గరే తప్పుదారి పడతారు. తేడా 15, 16 వచ్చి, గాలి మాత్రం మంచానికి కూడా చేరకపోతే అది శుభవార్త కాదు. గాలి తక్కువగా పోతోంది కాబట్టే అంత చల్లబడుతోంది. జల్లెడో, దాని వెనక రాగి గొట్టాలూ రేకులూ ఉండే కాయిలో, బ్లోయరో మూసుకుపోయిందని అర్థం. ఒకటిన్నర టన్ను ఏసీ హై ఫ్యాన్‌లో గంటకు సుమారు 850 నుంచి 1000 ఘనమీటర్ల గాలి తిప్పాలి. 12 అడుగుల గదిలో ఎదుటి గోడకు వేలాడే క్యాలెండర్ కాగితం కదలాలి.

రెండో కొలతకు బకెట్ చాలు. డ్రెయిన్ పైపు కింద గంటసేపు పెట్టి ఎన్ని నీళ్లు వచ్చాయో చూడండి. తీరంలో జూన్ ఉక్కపోతలో ఒకటిన్నర టన్ను ఏసీ గంటకు ఒకటి రెండు లీటర్లు వదలడం మామూలే. ఒక లీటరు తడిని గాలిలోంచి నీరుగా మార్చడానికి సుమారు 0.68 యూనిట్ల చల్లదనం ఖర్చవుతుంది (ఇది ఏసీ ఇచ్చే చల్లదనం లెక్క, కాలే కరెంటు లెక్క కాదు). ఒకటిన్నర టన్ను అంటే గంటకు 5.25 యూనిట్ల చల్లదనం. అందులో రెండు లీటర్ల నీటికే 1.36 పోతుంది, అంటే పావు వంతు పైనే. మచిలీపట్నంలో గది ఆలస్యంగా చల్లబడటానికి సగం కారణం ఇదే. తలుపు కింద సందులోంచి, బాత్రూమ్ తలుపులోంచి తడిగాలి వస్తూనే ఉంటే ఈ నీళ్లకు అంతుండదు. కర్నూల్లో ఏప్రిల్‌లో మాత్రం పైపు పూర్తిగా ఎండిపోయి ఉన్నా కంగారు పడకండి. గాలిలో తడే లేనప్పుడు నీళ్లెక్కడి నుంచి వస్తాయి?

మూడోది ఇంటి కరెంటు మీటరు. దాని ముఖం మీద ఎర్ర లైటు మెరుస్తుంటుంది. పక్కనే 3200 ఇంప్ అని గానీ 1600 అని గానీ రాసి ఉంటుంది. అన్నిసార్లు మెరిస్తే ఒక యూనిట్ కాలినట్టు. ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపేసి ఏసీ ఒక్కటే నడుపుతూ నిమిషానికి ఎన్ని మెరుపులో లెక్కపెట్టండి. 3200 మీటరులో నిమిషానికి 80 మెరిస్తే, 80ని 60తో గుణించి 3200తో భాగిస్తే 1.5 వస్తుంది. అంటే 1500 వాట్లు. ఔట్‌డోర్ పక్కన అంటించిన స్టిక్కర్ మీద రాసిన వాట్లతో దీన్ని పోల్చండి.

స్టిక్కర్ మీది కన్నా బాగా ఎక్కువ కాలుతూ చల్లదనం తక్కువైతే ఔట్‌డోర్ వేడిని వదల్లేకపోతోంది. బాగా తక్కువ కాలుతూ చల్లదనం తక్కువైతే గ్యాస్ తక్కువగానైనా ఉండాలి, ఇండోర్‌లో గాలైనా ఆగిపోయి ఉండాలి, కంప్రెసర్ అయినా నీరసించి ఉండాలి. వంద వాట్ల లోపే ఉంటే కంప్రెసర్ తిరగడమే లేదు, మీకు వస్తున్నది ఉత్త ఫ్యాన్ గాలి. ఇన్వర్టర్ ఏసీ గది చల్లబడ్డాక తక్కువ వాట్లు తీసుకోవడం సహజం కాబట్టి దాన్ని గది వేడిగా ఉన్నప్పుడే కొలవాలి.

జల్లెడ, కాయిల్, బ్లోయర్

ఏ పని మొదలుపెట్టినా ముందు ఏసీ కరెంటును కోసే ఎంసీబీ స్విచ్ దించేయండి. రిమోట్‌తో ఆపడం చాలదు.

జల్లెడ కడగడం అందరికీ తెలిసిందే: రెండు వారాలకోసారి, రోడ్డు పక్క ఇళ్లలో వారానికోసారి, కుళాయి నీళ్లతో వెనక వైపు నుంచి ముందుకు. నీడలో పూర్తిగా ఆరాకే పెట్టాలి. అసలు సంగతి జల్లెడ వెనక ఉంది. జల్లెడలు తీసి మొబైల్ టార్చి వేసి చూడండి. కాయిల్ మీది పల్చటి అల్యూమినియం రేకుల మధ్య వెలుతురు సందులు కనిపించాలి. బూడిద రంగు పొర కప్పేసి ఉంటే జల్లెడ ఎంత కడిగినా లాభం లేదు. ఊదుబత్తి పొగ, తాలింపు ఘాటులోని నూనె తడి, టాల్కమ్ పౌడరు, ఇవి జల్లెడకు ఆగవు. రేకుల మీద జిగటగా పేరుకుంటాయి.

కాయిల్ కన్నా మోసకారి బ్లోయర్. గాలి వచ్చే సందులో రెక్కలను మెల్లగా వంచి టార్చి వేస్తే పొడవాటి రోలర్ లాంటిది కనబడుతుంది. దాని సన్నటి ఆకులకు లోపలి వైపు మట్టి అట్టకట్టి ఉంటుంది. ఆకులు గాలిని తవ్వి తోసే గరిటెల్లాంటివి. గరిటె గుంట మట్టితో నిండిపోతే ఎంత వేగంగా తిప్పినా ఏమీ రాదు. శబ్దం అంతే ఉంటుంది, గాలి సగానికి పడిపోతుంది. సర్వీసింగ్ పేరుతో జల్లెడ కడిగి కాయిల్ మీద నాలుగు చిమ్ములు చిమ్మి వెళ్లిపోయేవాళ్లు దీన్ని ముట్టుకోరు. "బ్లోయర్ కూడా కడగాలి" అని ముందే చెప్పి, పని అయ్యాక టార్చి వేసి మీరే చూసుకోండి.

కాయిల్ మీరే కడగాలంటే మొక్కలకు నీళ్లు చిమ్మే చేతిపంపు చాలు. కుడివైపున ఉండే ఎలక్ట్రానిక్ బోర్డును పాలిథిన్ కవరుతో కప్పి టేపు వేయండి. కింద ప్లాస్టిక్ సంచి కట్టి బకెట్‌లోకి వదలండి. నీళ్లు రేకులకు ఎదురుగా, పై నుంచి కిందికి రావాలి, పక్క నుంచి కొడితే రేకులు వంగిపోతాయి. బాత్రూమ్ కడిగే యాసిడ్, ఓవెన్ శుభ్రం చేసే కాస్టిక్ ద్రావణం దగ్గరికి కూడా రానీయకండి. అవి అల్యూమినియాన్ని తినేస్తాయి. పని అయ్యాక అరగంట ఆరనిచ్చి అప్పుడు ఎంసీబీ వేయండి.

కడిగిన తరవాత చల్లదనం ఇంకా తగ్గితే సెన్సర్ చూడండి. కాయిల్ ముందు నల్లటి వైరు చివర కందిగింజంత ముక్క ఒకటి ప్లాస్టిక్ క్లిప్పులో ఉంటుంది, అదే గది వేడిని కొలిచేది. నీళ్లు కొట్టేటప్పుడు అది ఊడి కాయిల్‌కు ఆనుకుంటే గది 18కి వచ్చేసిందని పొరబడి ఐదు నిమిషాలకే కంప్రెసర్‌ను ఆపేస్తుంది. క్లిప్పులో తిరిగి పెడితే చాలు, పైసా ఖర్చు లేదు. రెండో సెన్సర్ కాయిల్ గొట్టానికి ఉన్న చిన్న రాగి గూట్లో గట్టిగా కూర్చుని ఉండాలి.

ఔట్‌డోర్: వేడి బయటికి పోవాలి కదా

లోపల తీసుకున్న వేడినంతా, దానికి తోడు కంప్రెసర్ కాల్చిన కరెంటు వేడినీ ఔట్‌డోర్ బయటికి తోసేయాలి. మన దేశంలో ఏసీల సామర్థ్యాన్ని పరీక్షించేది బయట 35 డిగ్రీల దగ్గర. రెంటచింతలలోనో రామగుండంలోనో రోహిణి కార్తెలో 45 దాటినప్పుడు అదే ఏసీ పదో వంతు నుంచి ఐదో వంతు దాకా బలం కోల్పోతుంది. దానికి మట్టి కూడా తోడైతే చెప్పక్కర్లేదు.

ఇక్కడా థర్మామీటరే సాక్షి. ఔట్‌డోర్ వెనక, గాలి పీల్చుకునే వైపు ఎంత వేడి ఉందో చూడండి. పక్కనే నీడలో ఉన్న గాలి 39 ఉండి వెనక 45 ఉందంటే తాను వదిలిన వేడిగాలినే తాను పీల్చుకుంటోంది. అపార్ట్‌మెంట్లలో ఇది మామూలు జబ్బు. అందం కోసం ముందు కట్టిన ఎలివేషన్ జాలీ, ఇరుకు డక్టు, కింది అంతస్తుల ఔట్‌డోర్‌లు వదిలే వేడి, ఇవన్నీ కారణాలే. వెనక కనీసం 15 సెంటీమీటర్లు, ముందు రెండు అడుగులకు పైగా ఖాళీ ఉండాలి. ముందు బట్టలు ఆరేయడం, ఎండ పడకూడదని గోనెసంచి కప్పడం రెండూ తప్పే. ఎండకు నీడ కావాలంటే పైన రెండడుగుల ఎత్తులో చిన్న రేకు వేయండి, పక్కలు మూయకుండా.

కడగడానికి మామూలు నీళ్ల పైపు చాలు. ఎంసీబీ దించి వెనక రేకుల మీద పై నుంచి కిందికి నీళ్లు వదలండి. మట్టి లోపలికి దిగకుండా ఉండాలంటే లోపలి నుంచి బయటికి కొట్టడం మేలు. అందుకు పై మూత తీయాలి కాబట్టి మెకానిక్‌కే వదిలేయండి. కారు కడిగే ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే రేకులన్నీ గోడ కట్టేసినట్టు మడతపడతాయి. ఇంకో మాట, మూడో అంతస్తు గోడకు వేలాడే ఔట్‌డోర్‌ను కిటికీలోంచి వంగి కడగాలని చూడకండి. తాడూ బెల్టూ ఉన్నవాళ్ల పని అది.

ఔట్‌డోర్ ఫ్యాన్ నీరసంగా తిరుగుతోందా అన్నదీ గమనించండి. మామూలు ఏసీలో ఫ్యాన్‌కు మోటారు తిరగడానికి ఊతమిచ్చే 2 నుంచి 4 మైక్రోఫారడ్ల చిన్న కెపాసిటర్ ఉంటుంది. అది బలహీనపడితే ఫ్యాన్ వేగం తగ్గి, కంప్రెసర్ వేడెక్కి, ఓవర్‌లోడ్ (వేడెక్కితే కరెంటు కోసే రక్షణ స్విచ్) పడిపోయి ఆగుతుంది. పావుగంట ఇరవై నిమిషాలకు చల్లారి మళ్లీ మొదలవుతుంది. మధ్యాహ్నం ఆగి ఆగి నడుస్తూ రాత్రి పన్నెండు తరవాత బాగా చల్లబరిచే ఏసీలో తరచూ కనిపించే కథ ఇది.

తప్పు ఏసీదేనా, గదిదా?

కొలతలన్నీ బాగున్నాయి, గది మాత్రం 29 దాటి దిగడం లేదు. అప్పుడు ఏసీని వదిలి తల పైకెత్తండి. పై అంతస్తు అయితే సాయంత్రం ఏడింటికి నిచ్చెన ఎక్కి స్లాబుకు అరచేయి ఆనించండి. పగలంతా తాగిన ఎండను కాంక్రీటు ఐదారు గంటలు ఆలస్యంగా లోపలికి వదులుతుంది. అందుకే అలాంటి గదిలో పొద్దున పది గంటలకు అదే ఏసీ ఇరవై నిమిషాల్లో చల్లబరిచి, రాత్రి తొమ్మిదింటికి చేతులెత్తేస్తుంది. పొద్దున, రాత్రి రెండు వేళలా కొలిచి చూడండి. థర్మామీటరు తేడా రెండుసార్లూ 11, 12 ఉండి గది మాత్రం రాత్రే చల్లబడకపోతే అపరాధి స్లాబే.

మధ్య అంతస్తులో 120 చదరపు అడుగులకు ఒక టన్ను సరిపోతుంది. 12 అడుగులకు 14 అడుగుల గది, అంటే 168 చదరపు అడుగులు, పై అంతస్తులో పడమటి గోడతో ఉంటే ఒకటిన్నర టన్ను కూడా అంతంత మాత్రమే. డాబా మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ రెండు పూతలు వేయించడం అర టన్ను పెంచుకోవడం కన్నా చవక. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. సున్నం కొట్టినా పని చేస్తుంది గానీ వానలకు పోతుంది, ఏటేటా వేయాలి.

తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ, పడమటి కిటికీకి బయట వైపు వట్టివేళ్ల తడికో చాపో కట్టండి. లోపలి పరదా ఎండను గదిలోకి వచ్చాక ఆపుతుంది, బయటి తడిక రాకముందే ఆపుతుంది. సీలింగ్ ఫ్యాన్ విషయంలో నియమం ఒకటే. వేడి స్లాబు కింద మొదటి అరగంట ఫ్యాన్ వేయకండి, పైన పేరుకున్న వేడిగాలిని కిందికి తోస్తుంది. గది చల్లబడ్డాక తక్కువ వేగంలో వేసుకుంటే 26 కూడా 24లా ఉంటుంది.

మంచు కట్టిందంటే

ఇండోర్ లోపల తెల్లగా మంచు కనిపిస్తే ఏసీ బాగా పనిచేస్తోందనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. మంచు గాలికి అడ్డుగోడ. మొదటి అరగంట చల్లగా వచ్చి తరవాత గాలి సన్నగిల్లి, ఆపితే నీళ్లు కారడం దీని లక్షణం.

కూల్ ఆపి ఫ్యాన్ మోడ్‌లో ఒకటి రెండు గంటలు నడిపి కరగనివ్వండి. చాకుతో గీకితే గొట్టం చిల్లు పడుతుంది. కరిగాక జల్లెడ, బ్లోయర్ శుభ్రం చేసి మళ్లీ నడిపి, మంచు ఎక్కడ మొదలవుతోందో చూడండి. కాయిల్ అంతా సమానంగా మంచు పడితే గాలి తక్కువైంది. ఒక మూల రెండు మూడు గొట్టాల మీదే మంచు పడి మిగతా కాయిల్ పొడిగా, గోరువెచ్చగా ఉంటే గ్యాస్ తక్కువైంది.

ఔట్‌డోర్ పక్కన రెండు రాగి గొట్టాలు దిగే చోట కూడా ఇది కనిపిస్తుంది. మన దగ్గర అమ్మే స్ప్లిట్ ఏసీల్లో ఎక్కువ వాటికి గ్యాస్‌ను వ్యాకోచింపజేసి చల్లబరిచే క్యాపిలరీ అనే అతి సన్నటి గొట్టం ఔట్‌డోర్‌లోనే ఉంటుంది. కాబట్టి సన్న గొట్టం, లావు గొట్టం రెండూ చల్లగా ఉండాలి. రెండిటికీ విడివిడిగా నల్లటి ఫోమ్ తొడుగు ఉండాల్సిందీ అందుకే. సన్న గొట్టం మీద తెల్లగా మంచు పేరుకుని, లావు గొట్టం వెచ్చగా, పొడిగా ఉంటే గ్యాస్ తగ్గిందనడానికి మంచి సాక్ష్యం దొరికినట్టే.

కరెంటు సంగతి

సాయంత్రం వీధంతా ఏసీలు వేసే వేళ వోల్టేజీ పడిపోతుంది. 230 ఉండాల్సింది 180కి దిగితే మామూలు కంప్రెసర్ మూలుగుతుంది గానీ తిరగదు. రెండు మూడుసార్లు ప్రయత్నించి ఓవర్‌లోడ్ పడిపోతుంది. స్టెబిలైజర్ ఉంటే దాని అంకె చూడండి. ఒకటిన్నర టన్నుకు 4 కేవీఏ ఉండాలి, వైరు కనీసం 2.5, దూరం ఎక్కువైతే 4 చదరపు మిల్లీమీటర్ల రాగిది కావాలి. ప్లగ్గు టాపు చేతికి వేడిగా తగిలితే లోపల పిన్ను వదులైంది. అది చల్లదనం సమస్య కన్నా ముందు నిప్పు సమస్య.

మామూలు ఏసీ కంప్రెసర్ కెపాసిటర్ మీద 45 లాంటి మైక్రోఫారడ్ల అంకె, పక్కన ±5 శాతం అని ఉంటుంది. మీటరులో 42.75 కన్నా తక్కువ చూపితే మార్చాల్సిందే. అదే అంకె ఉన్నదే వేయించండి. "పెద్దది వేస్తే బాగా లాగుతుంది" అనే సలహా మోటారు వైండింగ్‌ను (లోపలి తీగ చుట్టను) కాల్చే సలహా. కెపాసిటర్ కరెంటు తీసేశాక కూడా షాక్ కొడుతుంది. ఇన్వర్టర్ ఔట్‌డోర్ బోర్డులోనైతే 300 వోల్టులకు పైగా డీసీ కొన్ని నిమిషాల పాటు నిలిచి ఉంటుంది. ఆ మూతలు మీరు తీయకండి.

చివరికి గ్యాసే అని తేలితే

ముందు లీకు. ఔట్‌డోర్ వాల్వుల దగ్గర గొట్టం విచ్చిన చివరను (ఫ్లేర్) బిగించే ఫ్లేర్ నట్లు, ఇండోర్ వెనక గొట్టాలు కలిసేచోటు, కాయిల్ పక్కల వంపులు, ఈ మూడు చోట్లా నూనె జిడ్డు అంటిన మట్టి ఉందేమో చూడండి. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా చెమరుస్తుంది. గిన్నెలు తోమే లిక్విడ్‌ను కొద్ది నీళ్లలో కలిపి బ్రష్‌తో రాస్తే బుడగలు వస్తాయి. తీరం ఊళ్లలో ఉప్పుగాలికి కాయిలే సూదిమొన చిల్లులు పడుతుంది, అది సబ్బుకు అంత త్వరగా దొరకదు.

ఏ గ్యాసో స్టిక్కర్ మీద ఉంటుంది: పాతవాటికి ఆర్-22, తరవాతి వాటికి ఆర్-410ఏ, ఇప్పటివాటికి ఎక్కువగా ఆర్-32, కొన్నిటికి ఆర్-290. చివరిది వంటగ్యాస్‌లో ఉండే ప్రొపేనే. ఆర్-32 కూడా కొద్దిగా మండే గుణం ఉన్నదే. ఒకదాని బదులు ఇంకొకటి ఎక్కించకూడదు. గ్యాస్ ఉండగానే దీపం పెట్టి వెల్డింగ్ చేస్తానంటే ఒప్పుకోకండి.

మెకానిక్ చేత ఈ వరసలోనే చేయించండి:

1. మిగిలిన గ్యాస్ తీసి, గొట్టాల్లో నైట్రోజన్‌ను 300 నుంచి 400 పీఎస్ఐ ప్రెషర్ దాకా నింపి అరగంట ఉంచాలి. గేజీ ముల్లు కదిలితే లీకు ఉంది, దొరికేదాకా వెతకాలి. మామూలు గాలి కంప్రెసర్‌తో గానీ ఆక్సిజన్ సిలిండర్‌తో గానీ ఈ పరీక్ష చేయనివ్వకూడదు, నూనెతో కలిస్తే పేలుతుంది.
2. లీకైన ఫ్లేర్‌ను కోసేసి కొత్తగా చేయాలి. వదులైన నట్టును ఇంకా బిగిస్తే పగిలేదే ఎక్కువ. పావు అంగుళం నట్టుకు 14 నుంచి 18, అర అంగుళానికి 50 నుంచి 60 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు.
3. వాక్యూమ్ పంపు 20, 30 నిమిషాలు నడవాలి. లోపల మిగిలిన ప్రెషర్ కొలిచే మైక్రాన్ గేజీలో అంకె 500 కిందికి దిగి, పంపు ఆపాక పది నిమిషాలు నిలవాలి. కొద్దిగా గ్యాస్ వదిలి గాలిని తోసేసే పాత పద్ధతి ఇప్పటి ఏసీలకు పనికిరాదు. లోపల మిగిలిన తడి నూనెను చెడగొట్టి కంప్రెసర్‌ను తినేస్తుంది.
4. గ్యాస్‌ను తూకం మీద ఎక్కించాలి. స్టిక్కర్ మీద 0.80 కిలోలు అని ఉంటే 800 గ్రాములే. గొట్టం పొడవు కంపెనీ చెప్పిన హద్దు దాటితే మాన్యువల్లో రాసినన్ని గ్రాములు కలుపుకోవాలి. ఆర్-410ఏ రెండు గ్యాసుల మిశ్రమం, అందుకే ద్రవరూపంలోనే ఎక్కించాలి.

గేజీ చూసి "నూట ముప్పై వచ్చింది, సరిపోయింది" అంటే ఆగమనండి. నడిచేటప్పుడు లాగుడు వైపు (కంప్రెసర్ గ్యాస్‌ను లోపలికి లాక్కునే వైపు) ఆర్-22కు 60, 70 పీఎస్ఐ, ఆర్-32కు, ఆర్-410ఏకు 110 నుంచి 140 మధ్య ఉండటం మామూలే గానీ ఆ అంకె బయటి ఎండతో, గది వేడితో, ఇన్వర్టర్ వేగంతో మారిపోతుంది. అది సూచన మాత్రమే, తూకం కాదు. ఎక్కువ గ్యాస్ కూడా తక్కువ గ్యాస్ లాగే చల్లదనం తగ్గిస్తుంది, పైగా కరెంటు ఎక్కువ తాగుతుంది.

ఇల్లు మారేటప్పుడు గ్యాస్‌నంతా ఔట్‌డోర్‌లోకి లాగేస్తారు. అప్పుడు ముందు కంప్రెసర్ ఆపి, ఆ తరవాతే గొట్టం విప్పాలి. కంప్రెసర్ తిరుగుతుండగా గొట్టం విప్పితే గాలి లోపలికి దూరి కంప్రెసర్ పేలగలదు.

గ్యాస్ తూకం సరిగ్గా ఉండి, గాలి బాగుండి, అయినా లాగుడు వైపు ప్రెషర్ ఎక్కువగా, తోసే వైపు తక్కువగా ఉంటే కంప్రెసర్ లోపల అరిగిపోయింది. పదేళ్ల వారంటీ ఉన్నా అది తరచూ కంప్రెసర్ ఒక్కదానికే వర్తిస్తుంది, గ్యాస్, కూలి మనమీదే పడతాయి. ముందే అడిగి రాయించుకోండి. ఎనిమిదేళ్లు దాటిన ఏసీలో కాయిల్ రెండోసారి లీకైతే మళ్లీ అతుకు వేయించడం దండగ.

మెకానిక్ సామాను సర్దుకునే ముందు ఏసీని 20 నిమిషాలు నడిపించి పైన, కింద వేడి మళ్లీ కొలవండి, మీటరు మెరుపులు మళ్లీ లెక్కపెట్టండి. తేదీ, ఆ రెండు అంకెలు, ఎక్కించిన గ్రాములు కాగితం టేపు మీద రాసి ఇండోర్ ముందు మూత లోపలి వైపు అంటించండి. వచ్చే ఏడాది మార్చిలో జల్లెడ కడగడానికి మూత ఎత్తినప్పుడు అవి ఎదురుగానే ఉంటాయి.